గోనెనారతో తరంగాన్ని తిప్పిన జగదీశ్ చంద్ర బోస్

మా తరగతిలో ఎవరినైనా నీ సొంత ఊరేదని అడిగితే వెంటనే జవాబు రాదు. పుట్టింది ఒకచోట, అక్షరాలు దిద్దింది ఇంకోచోట, ఇప్పుడు చదివేది వేరేచోట. జగదీశ్ చంద్ర బోస్ కూడా మా బాపతే. ఆయన తండ్రి భగవాన్ చంద్ర ప్రభుత్వోద్యోగి. ఫరీద్‌పూర్‌లో డిప్యూటీ మేజిస్ట్రేటుగా ఉండి, తర్వాత బర్ద్వాన్‌కు బదిలీ అయ్యారు.

బోస్ 1858 నవంబరు 30న పుట్టారు. తండ్రి చేతికింద పనిచేసేవాళ్ళు తమ పిల్లల్ని ఇంగ్లీషు బడికి పంపుతుంటే, ఆయన మాత్రం కొడుకును బెంగాలీ బడిలో వేశారు. అక్కడ తండ్రి ఆఫీసు బంట్రోతు కొడుకు, ఒక జాలరి కొడుకు జగదీశ్‌కు పక్క పక్కన కూర్చునేవారు. తర్వాత కలకత్తా వెళ్ళి, ఇంగ్లీషు మాట్లాడే పిల్లల మధ్య కొత్తవాడిగా చేరాడు. ఆ మొదటి రోజులు ఎలా ఉంటాయో మాకు ఎవరూ చెప్పనక్కరలేదు!

లండన్‌లో వైద్యం చదవడం మొదలుపెట్టి, జబ్బు వల్ల మానేసి, కేంబ్రిడ్జిలో విజ్ఞానశాస్త్రం చదివారు. 1885లో తిరిగొచ్చి కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఆచార్యుడిగా చేరారు. అసలు కష్టం అక్కడే మొదలైంది. అదే పనికి తెల్లవాళ్ళ జీతంలో భారతీయులకు ఇచ్చేది మూడింట రెండు వంతులు. ఆయనది తాత్కాలిక నియామకం కాబట్టి అందులోనూ సగమే. బోస్ గొడవ చేయలేదు, రాజీనామా ఇవ్వలేదు. రోజూ వెళ్ళి పాఠం చెప్పారు, జీతం మాత్రం ముట్టుకోలేదు. అలా మూడేళ్ళు! ఇంటి మీద తండ్రి చేసిన అప్పులు ఉన్నాయి. అవి తన తలమీద వేసుకున్న మనిషి జీతం వద్దనడం మాకు మొదట అర్థం కాలేదు. తక్కువ జీతం ఒక్కసారి అందుకుంటే అది సబబేనని ఒప్పుకున్నట్టే కదా అని తర్వాత తోచింది. చివరికి ప్రభుత్వమే దిగివచ్చి, పూర్తి జీతం చొప్పున పాత బకాయి అంతా ఇచ్చింది. ఆ డబ్బు అప్పులకే పోయింది.

ఆయనకు సరైన ప్రయోగశాల లేదు. ఒక చిన్న గది, ఒక తగరపు పనివాడు, అంతే. అందులోనే అతి పొట్టి రేడియో తరంగాలు పుట్టించారు. వాటి పొడవు మిల్లీమీటర్లలో ఉండేది. 1895లో కలకత్తా టౌన్‌హాల్లో ఆ తరంగాలు గోడల్ని దాటివెళ్ళి గంట మోగించాయి, తుపాకిమందును పేల్చాయి.

మాకు అంతకన్నా నచ్చింది ఇంకొకటి. రేడియో తరంగానికి ఒక ఊపు ఉంటుంది. అది నిలువుగా ఊగవచ్చు, అడ్డంగానూ ఊగవచ్చు. దీన్నే ధ్రువణం అంటారు. బోస్ ఒక రైల్వే టైంటేబుల్ పుస్తకం తీసుకుని, పేజీల మధ్య తగరపు రేకులు పెట్టారు. రేకులు నిలువుగా నిలబడితే, అడ్డంగా ఊగే తరంగమే వాటి మధ్య నుంచి పోతుంది. నిలువుదే పోతుందని మేమందరం అనుకున్నాం, తప్పు! రేకు పొడవునా ఊగే తరంగం ఆ లోహంలో విద్యుత్తును కదిలించి అక్కడే ఆగిపోతుంది.

1898లో ఆయన గోనెసంచులు నేసే జనపనారను కట్టలుగా మెలిపెట్టి తరంగానికి అడ్డుపెట్టారు. కుడికి మెలిపెట్టిన కట్టలు ఊపును ఒకవైపు తిప్పాయి, ఎడమకు మెలిపెట్టినవి రెండోవైపు తిప్పాయి. రెండూ సమానంగా కలిపితే తిరగనే లేదు. చక్కెర నీళ్ళు వెలుతురు ఊపును తిప్పడానికి ఇది పెద్ద సైజు నమూనా అన్నమాట.

ఇప్పుడు మన ఎఫ్.ఎం. సంగతి. బోస్ 1937 నవంబరు 23న గిరిడీలో కన్నుమూశారు. మన ఆకాశవాణి ఎఫ్.ఎం. మద్రాసులో మొదలైంది 1977లో. కాబట్టి అది ఆయన చూడనిది. కానీ అక్కడా తకరారు ఊపుదే. కారు మీద ఏరియల్ నిలువుగా ఉంటుంది, ఇంట్లో తీగ అడ్డంగా వేలాడుతుంది, చేతి రేడియోది ఎటో ఒరిగి ఉంటుంది. స్టేషన్ ఒకే ఊపుతో పంపితే కొందరికే బాగా వినిపిస్తుంది. అందుకని చాలా టవర్ల మీద యాంటెన్నా గొట్టాలను వంచి, మెలితిప్పి పెడతారు. అవి సగం శక్తిని నిలువుగా, సగం అడ్డంగా పంపుతాయి. అయితే రెండూ ఒకేసారి కాదు, ఒకదానికన్నా ఒకటి పావు ఊపు వెనక. అప్పుడు మొత్తం ఊపు నిలువూ కాదు, అడ్డమూ కాదు. మరమేకులా గుండ్రంగా తిరుగుతూ ముందుకు పోతుంది. 100 మెగాహెర్ట్జ్ స్టేషన్ అయితే సెకనుకు పది కోట్ల చుట్లు, ఒక్కో చుట్టుకు 3 మీటర్లు! ఏరియల్ ఎటు ఒరిగినా దాని వంతు దానికి వస్తుంది. ఏ ఒక్క ఏరియల్‌కూ పూర్తి శక్తి దక్కదన్నది మాత్రం నిజమే, సగమే అందుతుంది.

1917లో బోస్ కలకత్తాలో తన పేరిట పరిశోధనా సంస్థ స్థాపించారు. నార మెలిపెట్టిన ఆ కట్టలు ఇంకా అక్కడ భద్రంగా ఉన్నాయి. మాలో ఎవరి నాన్నకైనా, అమ్మకైనా ఈసారి కోల్‌కతా బదిలీ వస్తే, ముందు వెళ్ళి అవి చూసి మిగతావాళ్ళకు ఉత్తరం రాయాలని అనుకున్నాం.