జార్జ్ హెన్రీ కార్లిస్

జార్జ్ హెన్రీ కార్లిస్ (జూన్ 2, 1817 - ఫిబ్రవరి 21, 1888) అమెరికాకు చెందిన ప్రముఖ ఇంజనీరు, ఆవిష్కర్త. కార్లిస్ ఆవిరి యంత్రం ఇతని పేరుమీదనే ప్రసిద్ధి చెందింది. వేగంగా మూసుకొనే కవాటాన్ని గాలి సాయంతో మెత్తగా ఆపే అమరిక ఈ యంత్రపు విశేషాలలో ఒకటి.

తొలి జీవితం

కార్లిస్ న్యూయార్క్ రాష్ట్రంలోని ఈస్టన్‌లో ఒక వైద్యుని కుమారుడిగా జన్మించాడు. చదువు ముగిసిన తరువాత గ్రీన్‌విచ్‌లో దుకాణం నడిపాడు. బూట్లు కుట్టే యంత్రాన్ని రూపొందించి 1843లో పేటెంటు పొందాడు. 1844లో రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని ప్రావిడెన్స్ నగరానికి చేరి, క్రమంగా ఆవిరి యంత్రాల వైపు మళ్ళాడు.

యంత్రం పనిచేసే విధానం

ఆ కాలంలో యంత్రపు వేగాన్ని తగ్గించడానికి ఆవిరి వచ్చే దారిని ఇరుకు చేసేవారు. దీనివలన పీడనం వృథా అయి, బొగ్గు ఎక్కువగా ఖర్చయ్యేది. కార్లిస్ ప్రతి సిలిండరుకు నాలుగు కవాటాలు అమర్చాడు. వీటిలో రెండు ఆవిరిని లోనికి పంపడానికి, రెండు బయటికి వదలడానికి ఉపయోగపడతాయి. పని భారాన్నిబట్టి గవర్నరు నిర్ణయించిన క్షణంలో కొక్కెం విడిపోయి, లోనికి పంపే కవాటం ఒక్కసారిగా మూసుకొంటుంది. అప్పటికే లోపలున్న ఆవిరి వ్యాకోచిస్తూ పిస్టన్‌ను నెడుతుంది.

కవాటాన్ని మూయడానికి బరువును గాని స్ప్రింగును గాని వాడేవారు. నెమ్మదిగా మూస్తే ఆవిరి వృథా అవుతుంది. వేగంగా మూస్తే దెబ్బకు భాగాలు విరుగుతాయి. ఈ చిక్కును తీర్చేది డాష్‌పాట్ అనే చిన్న సిలిండరు. కవాటానికి కలిపిన చిన్న పిస్టన్ ఇందులోకి దిగుతూ, చివరలో చిక్కుకొన్న గాలిని నొక్కుతుంది. ఆ గాలి మెత్తలా పనిచేసి వేగాన్ని అణచివేస్తుంది. సైకిలు పంపు రంధ్రాన్ని వేలితో మూసి నొక్కినపుడు చేతికి తెలిసే ఎదురు ఒత్తిడి ఇటువంటిదే.

పేటెంటు వివాదాలు

కార్లిస్‌కు 1849 మార్చి 10న పేటెంటు లభించింది. అయితే కవాటాన్ని విడిచిపెట్టి, నీటి డాష్‌పాట్‌తో ఆపే పద్ధతికి ఫ్రెడరిక్ సికెల్స్ 1842లోనే పేటెంటు పొందాడు. దీనిపై వీరి మధ్య సుదీర్ఘ న్యాయ వివాదం నడిచింది. కనుక ఈ ఆలోచన పూర్తిగా కార్లిస్ ఒక్కడిదే అనడం సరికాదు. దానిని గవర్నరుతో జతచేసి, కర్మాగారాలలో నమ్మకంగా పనిచేసే యంత్రంగా తీర్చిదిద్దడం ఇతని ఘనత.

గుర్తింపు, మరణం

కార్లిస్ 1870లో రమ్‌ఫర్డ్ బహుమతి పొందాడు. 1876లో ఫిలడెల్ఫియాలో జరిగిన శతాబ్ది ప్రదర్శనలో ఇతని 1,400 అశ్వశక్తుల యంత్రం యంత్రశాలలోని యంత్రాలను నడిపింది. దాని చక్రపు వ్యాసం 30 అడుగులు. తరువాత ఆ యంత్రం పుల్‌మన్ రైలుపెట్టెల కర్మాగారంలో 1910 వరకు పనిచేసింది.

కార్లిస్ 1888లో ప్రావిడెన్స్‌లో మరణించాడు. స్ప్రింగుతో మూసుకొనే తలుపులు దడాలున కొట్టుకోకుండా ఆపే గాలి గొట్టాలలో నేటికీ ఇదే సూత్రం ఉపయోగపడుతున్నది.