బల్లి బొమ్మకు పేరైపోయిన గెర్రీ

అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై సంతకాలు చేసిన 56 మందిలో ఎల్బ్రిడ్జ్ గెర్రీ ఒకరు. తరువాతి కాలంలో ఆ దేశానికి ఉపాధ్యక్షులు కూడా అయ్యారు. అయినా లోకం ఆయన పేరు తలచుకునేది వేరే సందర్భంలో. అధికార పార్టీ తన గెలుపు కోసం నియోజకవర్గాల హద్దులను వంకరటింకరగా గీసుకోవడాన్ని జెర్రీమాండరింగ్ అంటారు. ఆ మాట ఈయన ఇంటిపేరు నుంచే పుట్టింది.

గెర్రీ 1744 జులై 17న మసాచుసెట్స్‌లోని మార్బుల్‌హెడ్ అనే సముద్రతీర పట్టణంలో జన్మించారు. తండ్రి ఎండు చేపల వర్తకులు. సరుకు ఓడల మీద స్పెయిన్ దాకా వెళ్లేది. గెర్రీ 1762లో హార్వర్డ్‌లో పట్టా పుచ్చుకుని వచ్చి వ్యాపారంలో కుదురుకున్నారు. 1772లో శాసనసభకు ఎన్నికయ్యారు.

ప్రజల ఆగ్రహం ఆయనకు మొదట్లోనే తగిలింది. మశూచికి టీకా వేసేందుకు ఊరికి దగ్గరలోని దీవిలో ఆయన, మరికొందరు కలిసి ఆసుపత్రి పెట్టించారు. రోగం ఊళ్లోకి పాకుతుందన్న భయంతో 1774లో జనం దానిని తగలబెట్టారు. మనసు విరిగి గెర్రీ కొంతకాలం రాజకీయాలకు దూరంగా ఉన్నారు.

మళ్లీ వచ్చి స్వాతంత్ర్య పోరాటానికి తిండిగింజలు, మందుగుండు సమకూర్చే పని నెత్తికెత్తుకున్నారు. 1775 ఏప్రిల్ 18 రాత్రి ఇంగ్లీషు సైన్యం దండు కదిలివచ్చినప్పుడు ఆయన, ఇద్దరు సహచరులు దారిలోని ఒక సత్రంలో నిద్రపోతున్నారు. పడక బట్టలతోనే పరుగెత్తి పొలంలో దాక్కున్నారు. ఆ చలికి జబ్బుపడిన ఒక సహచరుడు కొద్ది వారాలకే మరణించారు.

పట్టుదల గల మనిషి. 1787లో రాజ్యాంగ రచనకు కూర్చున్నవారిలో ఈయన ఉన్నారు. తీరా అంతా పూర్తయ్యాక సంతకం చేయనన్నారు. పౌరుల హక్కుల పట్టిక అందులో లేదన్నది ఆయన అభ్యంతరాల్లో ముఖ్యమైనది. చివరిదాకా ఉండి కూడా సంతకం పెట్టనివారు ముగ్గురే. తరువాత ఆ హక్కులు రాజ్యాంగంలో చేరాయి కాబట్టి ఆ పట్టుదల వృథా పోలేదనే చెప్పాలి.

గవర్నరు పదవికి పలుమార్లు పోటీచేసి ఓడి, చివరకు 1810లోను, 1811లోను గెలిచారు. అప్పటికి ఆయన రిపబ్లికన్ల పక్షం. ఎదుటివారు ఫెడరలిస్టులు. ఎగువ సభ చేయి జారకూడదని రిపబ్లికన్లు సెనేట్ నియోజకవర్గాలను తిరగగీశారు. 1812 ఫిబ్రవరిలో గవర్నరుగా గెర్రీ ఆ బిల్లుపై సంతకం చేశారు. ఎసెక్స్ కౌంటీలో ఒక నియోజకవర్గం పాములా మెలికలు తిరిగింది. ఆయన పుట్టిన మార్బుల్‌హెడ్ కూడా అందులోనే ఉంది. మార్చి 26న బోస్టన్‌లో ఒక పత్రిక ఆ పటానికి రెక్కలు, గోళ్లు, కోరలు తగిలించి బొమ్మ అచ్చువేసింది. సాలమాండర్ అంటే బల్లిని పోలిన ఒక జీవి. దాని తోకను గెర్రీ పేరుకు కట్టి కొత్త మాట చేశారు.

ఈ గారడీ ఎలా పనిచేస్తుందో మన లెక్కలో చూద్దాం. సమాన ఓట్లున్న తొమ్మిది ఊళ్లు, మూడు స్థానాలు ఉన్నాయనుకోండి. ఐదు ఊళ్లు ఒక పార్టీవి, నాలుగు రెండోదానివి. ఐదింటిలో మూడు ఊళ్లను ఒకే స్థానంలో కుక్కి, మిగిలిన రెంటినీ చెరొక స్థానంలో వేస్తే, నాలుగు ఊళ్ల పార్టీకి రెండు స్థానాలు దక్కుతాయి. ఒక్క ఓటరు కూడా మనసు మార్చుకోనక్కరలేదు.

మసాచుసెట్స్‌లో జరిగింది అదే. 1812 సెనేట్ ఎన్నికల్లో ఫెడరలిస్టులకు 51,766 ఓట్లు, రిపబ్లికన్లకు 50,164 ఓట్లు వచ్చాయి. స్థానాలు మాత్రం ఫెడరలిస్టులకు 11, రిపబ్లికన్లకు 29. గవర్నరు ఎన్నికలో రాష్ట్రమంతా ఒకటే నియోజకవర్గం కనుక అక్కడ గీతలు ఆదుకోలేదు, గెర్రీ ఓడిపోయారు. మరుసటి ఏడు ఆ చట్టం రద్దయింది.

ఆ బిల్లు ఆయనకు ఇష్టం లేదని జీవితచరిత్ర రాసిన అల్లుడు చెప్పారు. అయితే బిల్లును తిప్పిపంపే అధికారం గవర్నరుకు ఉంది. రాజ్యాంగం మీదే సంతకం పెట్టనన్న మనిషి ఇక్కడ ఎందుకు పెట్టినట్లు? పార్టీ కట్టుబాటు అప్పటికి అంత బిగిసిందనుకోవాలి.

1813లో ఉపాధ్యక్షులయ్యారు. 1814 నవంబరు 23న సెనేట్‌కు బండిలో బయలుదేరి దారిలోనే కన్నుమూశారు. భార్య ఆన్‌కు మిగిలినవి అప్పులు.

ఆయన పోయాక కూడా ఈ రోగం పోలేదు. నియోజకవర్గాల హద్దులు రాజకీయుల వ్యవహారమని కోర్టులు చాలాకాలం తప్పుకున్నాయి. 1960లో మార్పు మొదలైంది. అలబామాలోని టస్కీగీ పట్టణ హద్దును 28 మూలలుగా గీసి, సుమారు 400 మంది నల్లజాతి ఓటర్లలో నలుగురైదుగురు తప్ప అందరినీ ఊరి బయటికి నెట్టారు. అది చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. టెనెసీలో 1901 తరువాత హద్దులే మార్చలేదన్న కేసును 1962లో విచారణకు తీసుకుంది. 1964లో నియోజకవర్గాల జనాభా సమానంగా ఉండాలంది.

జనాభా సమానంగా ఉంచి కూడా గీతతో మోసం చేయవచ్చు. దానిమీద ఇండియానావారు 1986లోను, పెన్సిల్వేనియావారు 2004లోను వెళ్లినా ఫలితం దక్కలేదు. 2019 జూన్ 27న నార్త్ కరోలినా, మేరీలాండ్ కేసుల్లో ఐదుగురు జడ్జీలు ఒకవైపు, నలుగురు మరోవైపు నిలిచారు. పార్టీ లాభం కోసం గీసిన గీతలపై ఫెడరల్ కోర్టులు తీర్పు చెప్పజాలవని తేలింది. రాష్ట్ర కోర్టుల తలుపు మాత్రం మూయలేదు. పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు 2018లోనే తమ రాష్ట్ర పటాన్ని కొట్టివేసింది.

మన దేశంలో ఈ పని శాసనసభల చేతిలో లేదు, డీలిమిటేషన్ కమిషన్‌ది. 2002 చట్టం కింద ఏర్పడిన కమిషన్‌కు సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి కుల్దీప్ సింగ్ అధ్యక్షులు. రాజ్యాంగం 329వ అధికరణం ఈ హద్దుల చట్టాలను కోర్టులో ప్రశ్నించడానికి అడ్డు పెట్టింది. ఆ కమిషన్ గీసిన హద్దుల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఓటర్లు మొదటిసారి ఓటు వేసింది 2009లో.