గుండెలోని తీగను కనిపెట్టిన తవారా

పిల్లలూ, నేను ఇంతకుముందు పనిచేసిన ఒక ఊళ్లో నీళ్ల గొట్టం కోసం రోడ్డు తవ్వుతూ గునపంతో కరెంటు కేబులు తెగ్గొట్టారు. రెండు రోజులు వీధంతా చీకటి. కేబులు ఎక్కడుందో చూపే పటం తవ్వేవాళ్ల దగ్గర లేదు. గుండెకు అలాంటి పటం గీసిన ఒక జపాన్ వైద్యుడి కథ చెబుతాను.

సునావో తవారా 1873లో జపాన్‌లోని ఓయిటా ప్రాంతంలో పుట్టారు. వైద్యుడైన బంధువు ఒకరు ఆయన్ను దత్తత తీసుకున్నారు. టోక్యోలో వైద్యం చదివి, 1903లో జర్మనీలోని మార్బర్గ్ చేరారు. కొత్త ఊరు, కొత్త భాష అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆయన మూడేళ్లలో ఆ భాషలోనే పుస్తకం రాశారు!

అక్కడి గురువు లుడ్విగ్ ఆషోఫ్ ఆయనకు అప్పగించిన పని వేరు. జబ్బుపడిన గుండెలు ఎందుకు ఆగిపోతాయో కండరంలో వెతకమన్నారు. వందకు పైగా గుండెలు పరీక్షించినా సరైన జవాబు దొరకలేదు. కానీ పలచని పొరలుగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తుంటే, మామూలు కండరంలా లేని కొన్ని పోగులు కనిపించాయి. తవారా వాటిని వదల్లేదు. పొర తర్వాత పొర చూస్తూ వాటి వెంటే వెళ్లారు.

పై గదులకూ కింది గదులకూ మధ్య ఒక చిన్న ముడి. అందులోంచి ఒక కాండం. అది రెండు కొమ్మలై, చివరికి రెమ్మలుగా విడిపోయి కింది గదుల గోడలంతా పరుచుకుంది. ఆ కాండాన్ని 1893లో హిస్, చివరి రెమ్మలను అంతకు చాలా ముందే పుర్కింజే చూశారు. అవన్నీ ఒకే చెట్టువని చూపించింది తవారా. గుండె కొట్టుకోవాలనే విద్యుత్ సంకేతం ఈ దారినే వస్తుంది. దుర్గ్ స్టేషన్లో సిగ్నల్ కోసం బండి ఆగినట్టు, ముడి దగ్గర క్షణంలో పదో వంతు ఆగుతుంది. ఆలోగా పై గదులు రక్తాన్ని కిందికి పంపేస్తాయి.

1906లో పుస్తకం అచ్చయింది. అదే ఏడు ఆయన స్వదేశం తిరిగి వెళ్లి ఫుకువోకాలో పాఠాలు చెప్పుకున్నారు. 1952లో కన్నుమూశారు.

రెండేళ్ల తర్వాత, 1954లో, అమెరికాలోని మినియాపొలిస్‌లో లిల్లెహై అనే సర్జన్ పుట్టుకతోనే పిల్లల గుండెలో, కింది గదుల మధ్య ఉండే రంధ్రాన్ని మూయడం మొదలుపెట్టారు. చిక్కేమిటంటే, తవారా చూపిన కాండం చాలాసార్లు ఆ రంధ్రం అంచునే ఆనుకుని పోతుంది. కంటికి విడిగా కనిపించదు. కుట్టు దాని మీద పడితే పైనుంచి సంకేతం అందదు. కింది గదులు నిమిషానికి ముప్పై నలభై సార్లే కొట్టుకుంటాయి. మొదటి రోజుల్లో అలా కొందరు పిల్లలు చనిపోయారు. అలాంటి పిల్లల కోసమే 1957లో ఎర్ల్ బాకెన్ బ్యాటరీతో నడిచే చిన్న పేస్‌మేకర్ తయారుచేశారు. సర్జన్లు కూడా కాండం పోయే దారిని ముందే లెక్కగట్టి, ఆ వైపు కుట్లు అంచుకు దూరంగా వేయడం నేర్చుకున్నారు.

మనకు దగ్గర్లోని నవ రాయ్‌పూర్‌లో శ్రీ సత్యసాయి సంజీవని ఆసుపత్రి పిల్లలకు ఇలాంటి ఆపరేషన్లు ఉచితంగా చేస్తోంది. ఈ ఆపరేషన్లలో ఛాతీ మూసేముందు గుండె మీద సన్నని తీగలు అమర్చడం మామూలు. లయ తప్పితే బయటి పేస్‌మేకర్‌కు కలుపుతారు. గుండె తన లయలో తానే నడుస్తుంటే, కొద్దిరోజుల తర్వాత మెల్లగా లాగేస్తారు.