కొట్టివేతల్లోంచి పుట్టిన బొమ్మలు



మీ పిల్లల రఫ్ నోట్సు చివరి పేజీలు ఎప్పుడైనా తిరగేశారా? లెక్కల మధ్యలో ఒక కన్ను, ఒక పిట్ట, మార్జిన్ పొడవునా పాకిన తీగ, కొట్టేసిన పదం చుట్టూ ఏదో జంతువు ఆకారం కనిపిస్తాయి. చదువుకోమంటే బొమ్మలు గీస్తున్నావా అనే మాట వెంటనే మన నోటి దాకా వచ్చేస్తుంది. ఆ మాట అనే ముందు ఈ నెల ఒక పెద్దాయన జీవితం చదవండి. ఆయన నోట్‌బుక్కులు కూడా అలాగే ఉండేవి.

ఆయన రవీంద్రనాథ్ ఠాగూర్. జాతీయ గీతం రాసిన కవిగా, 1913లో నోబెల్ బహుమతి అందుకున్న రచయితగా మీకు తెలుసు. 1919లో మన మదనపల్లె కాలేజీలో కొన్ని రోజులు ఉన్నప్పుడే ఆయన జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించారు. కానీ అరవై దాటాక ఆయన చిత్రకారుడయ్యారన్న సంగతి చాలామందికి తెలియదు. తల్లిదండ్రులుగా మనం తెలుసుకోవలసింది ఆ కథే.

రవి 1861 మే 7న కలకత్తాలోని జొరసాంకో ఇంట్లో పుట్టాడు. పెద్ద కుటుంబంలో చిన్నవాడు. పెంపకమంతా పనివాళ్ల చేతుల్లోనే జరిగింది. వారిలో ఒకతను పిల్లవాడిని ఒకచోట కూర్చోబెట్టి, చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, దాటితే ప్రమాదమని భయపెట్టి వెళ్లిపోయేవాడు. రామాయణంలో సీతమ్మ గీత దాటితే ఏమైందో విన్న పిల్లవాడు కదా, కదిలేవాడు కాదు. కిటికీలోంచి కనిపించే చెరువును, మర్రిచెట్టును, స్నానానికి వచ్చిపోయే మనుషులను గంటల తరబడి చూస్తూ కూర్చునేవాడు.

కాస్త పెద్దయ్యాక ఆ పిల్లవాడి టైమ్‌టేబుల్ చూస్తే మన పిల్లలే గుర్తొస్తారు. తెల్లవారకముందే కుస్తీ. తర్వాత భాష, లెక్కలు, చరిత్ర, భూగోళం. ఆపైన బడి. బడి నుంచి రాగానే డ్రాయింగ్ మాస్టారు, వ్యాయామం మాస్టారు. రాత్రి దీపం వెలుగులో ఇంగ్లీషు ట్యూషన్, పుస్తకం ముందు కునికిపాట్లు. నాలుగైదు బడులు మారినా ఏ బడిలోనూ కుదురుకోలేదు. లండన్‌కు న్యాయశాస్త్రం చదవడానికి వెళ్లి, 1880లో డిగ్రీ లేకుండానే తిరిగొచ్చారు.

ఆ టైమ్‌టేబుల్లో డ్రాయింగ్ కూడా ఉందని గమనించారా? కళ నేర్పించలేదని ఆ ఇంటివారిని ఎవరూ అనలేరు. అయినా రోజూ హాజరు కావలసిన ఇంకో క్లాసుగా ఉన్నంతకాలం బొమ్మ ఆయనది కాలేదు. ముప్పై తొమ్మిదేళ్ల వయసులో ఒకసారి స్కెచ్ పుస్తకం పట్టారు. పెన్సిల్ కంటే రబ్బరే ఎక్కువ అరుగుతోందని స్నేహితుడైన శాస్త్రవేత్త జగదీశ్ చంద్ర బోస్‌కు ఉత్తరం రాశారు. బాగా రావాలన్న పట్టుదల చేతిని కట్టేసింది.

మాటలు మాత్రం చిన్నప్పుడే ఆయన సొంతమయ్యాయి. దానికి కారణం ఇంటి వాతావరణమే. అన్న జ్యోతిరింద్రనాథ్ పియానో మీద కొత్త బాణీలు వాయిస్తుంటే తమ్ముడు పక్కన కూర్చుని పదాలు అల్లేవాడు. వదిన కాదంబరి ఆ కవితలు విని, నచ్చకపోతే నచ్చలేదనే చెప్పేది. తండ్రి దేవేంద్రనాథ్ పదకొండేళ్ల రవిని హిమాలయాలకు తీసుకెళ్లారు. దారిలో చిల్లర డబ్బుల లెక్క, తన బంగారు గడియారానికి రోజూ కీ ఇచ్చే పని కొడుక్కి అప్పగించారు. వాడు అత్యుత్సాహంతో కీ ఇచ్చి ఇచ్చి గడియారం పాడుచేశాడు. దాన్ని రిపేరుకు కలకత్తా పంపారే తప్ప తండ్రి కోప్పడలేదు. కొండల్లో ఒంటరిగా తిరగడానికీ అడ్డు చెప్పలేదు. ఆ ప్రయాణాన్ని ఠాగూర్ జీవితాంతం గుర్తుపెట్టుకున్నారు.

తర్వాతి జీవితంలో దెబ్బ మీద దెబ్బ తగిలింది. 1884లో వదిన అకాలంగా మరణించారు. 1901లో శాంతినికేతన్‌లో ఐదుగురు పిల్లలతో బడి మొదలుపెట్టారు. దాని ఖర్చుల కోసం భార్య మృణాళిని తన నగలు ఇచ్చారు. ఆ మరుసటి ఏడాదే ఆమె పోయారు. 1903లో కూతురు రేణుక, 1905లో తండ్రి, 1907లో పదకొండేళ్లు నిండని చిన్న కొడుకు శమీంద్రనాథ్ వెళ్లిపోయారు. ఇంత దుఃఖంలోనూ ఆయన రాస్తూనే ఉన్నారు, బడి నడుపుతూనే ఉన్నారు. చెట్ల కింద చదువు చెప్పే ఆ బడిలో పాట, బొమ్మ, నాటకం సిలబస్ పూర్తయ్యాక మిగిలిన సమయంలో చేసేవి కావు. చదువులో భాగమే.

1924లో పెరూ వెళుతూ ఆరోగ్యం చెడి, అర్జెంటీనాలో ఆగవలసి వచ్చింది. అక్కడ రచయిత్రి విక్టోరియా ఒకాంపో ఆయనకు ఆతిథ్యమిచ్చారు. అప్పుడు ఆయన వయసు అరవై మూడు. పూరబి అనే సంపుటిలోని కవితలు రాస్తున్నారు. నచ్చని పదాన్ని, పాదాన్ని కొట్టేసేవారు. పేజీలో అనాథల్లా పడివున్న ఆ కొట్టివేతలను ఒకదానితో ఒకటి కలుపుతూ గీతలు గీసేవారు. అవి పక్షులయ్యేవి, ముఖాలయ్యేవి, ఏ అడవిలోనూ లేని జంతువులయ్యేవి. ఒకాంపో ఆ నోట్‌బుక్ చూసి ముగ్ధురాలయ్యారు. 1930 మే నెలలో పారిస్‌లో ఆయన చిత్రాల ప్రదర్శన ఏర్పాటు చేసింది ఆమే. అదే ఏడాది ఇంగ్లండ్, జర్మనీ, రష్యా, అమెరికాల్లోనూ ఆ బొమ్మలు ప్రదర్శించారు.

ఆ తర్వాత ఆయన ఆగలేదు. మొత్తం రెండు వేలకు పైగా బొమ్మలు వేశారు. పెన్ను సిరా, చేతివేళ్లు, గుడ్డముక్క, ఏది దొరికితే దానితో వేశారు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా ఆయనకు సరిగ్గా తెలిసేది కాదని పరిశోధకులు అంటారు. అది కూడా అడ్డు కాలేదు. పాటల్లో వెలుగు, వాన, భక్తి నింపిన ఈ కవి బొమ్మల్లో దిగులు కళ్ల స్త్రీలు, చీకటి దృశ్యాలు, వింత మృగాలు కనిపిస్తాయి. మాటల్లో చెప్పని ఠాగూర్ ఒకరు అక్కడ ఉన్నారు. బొమ్మ పూర్తయ్యేదాకా అది ఏమవుతుందో ఆయనకే తెలిసేది కాదు. చాలా బొమ్మలకు పేర్లు కూడా పెట్టలేదు.

బొమ్మలు ఆయన బాధను తుడిచేశాయని నేను చెప్పను. కానీ లోపల ఉన్నదాన్ని కాగితం మీద ఎదురుగా పెట్టుకుని చూసుకునే దారి ఒకటి దొరికింది. 1937లో తీవ్రంగా జబ్బుపడి స్పృహ కోల్పోయారు. తెలివి వచ్చాక కుంచె, రంగులు అడిగి, ఒక ప్లైవుడ్ ముక్క మీద ప్రకృతి దృశ్యం వేశారు. 1941 ఆగస్టు 7న కన్నుమూశారు.

పేరెంట్స్ మీటింగ్‌లో మమ్మల్ని తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. మా పాపకు డ్రాయింగ్‌లో టాలెంట్ ఉందా, కాంపిటీషన్‌కు పంపమంటారా అని. పంపండి, తప్పులేదు. కానీ ప్రపంచమంతా మెచ్చిన కవికి కూడా బొమ్మ దొరికింది ఎవరూ మార్కులు వేయని చోటే. మీ ఇంట్లోనూ అలాంటి చోటు ఒకటి ఉంచండి. వారంలో ఒక గంట, కాసిన్ని కాగితాలు చాలు. ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు. గీసింది చూపిస్తే బాగుందనో బాగాలేదనో తీర్పు చెప్పకండి. ఇది ఎవరు, ఏం చేస్తున్నారు అని అడిగి, చెప్పేది వినండి. పేరు పెట్టడం ఇష్టం లేకపోతే బలవంతపెట్టకండి.

ఈ వారం స్లిప్ టెస్టు మార్కులతో పాటు ఆ రఫ్ నోట్సు కూడా ఒకసారి చూడండి. నోరు విప్పి చెప్పలేని సంగతి ఏదైనా మీ బిడ్డ ఆ చివరి పేజీలో పెట్టి ఉండవచ్చు.