కలెవల కావ్య సంకలనకర్త ఎలియాస్ లోన్‌రోట్

యూరపు ఖండమున ఉత్తరపు కొసను, సరస్సులతోను అడవులతోను నిండిన ఫిన్లండు దేశము కలదు. అచట శీతకాలము సుదీర్ఘము. పంట కాలము స్వల్పము. ఆ దేశము శతాబ్దములకొలది స్వీడను రాజుల యేలుబడిలో నుండి, 1809వ సంవత్సరమున రుష్యా చక్రవర్తికి వశమయ్యెను. ప్రభువులు మారిరి గాని కచేరీలలోను పాఠశాలలలోను స్వీడిషు భాషయే సాగుచుండెను. ఫిన్నిషు రైతుల భాషగానే నిలిచెను. బైబిలు, ప్రార్థన పుస్తకములు మున్నగునవి తప్ప ఆ భాషలో అచ్చయిన గ్రంథములు అరుదు. అందు కావ్యము పుట్టునని విద్యావంతులలో ననేకులు తలంపనైన లేదు. అట్టి కాలమున, ఆ భాషలో మహాకావ్య సామగ్రి ప్రజల కంఠములయందే దాగియున్నదని నిరూపించినవాడు ఎలియాస్ లోన్‌రోట్. అతడు పుట్టుకచే దర్జీ కుమారుడు, వృత్తిచే వైద్యుడు.

లోన్‌రోట్ 1802వ సంవత్సరము ఏప్రిలు 9వ తేదీన దక్షిణ ఫిన్లండులోని సమ్మత్తి గ్రామమున జన్మించెను. తండ్రి కుట్టుపనిచే కుటుంబమును పోషించువాడు. ఇంట పిల్లలు పెక్కుమంది. ధాన్యము చాలని యేట పైన్ చెట్టు లోపలి బెరడును ఎండబెట్టి, దంచి, పిండిలో కలిపి రొట్టె కాల్చుకొనుట ఆ దేశపు పేదల యలవాటు. ఆ రొట్టె రుచి ఆ బాలుడెరుగనిది కాదు. అయినను అతనికి చదువుపై మక్కువ మెండు. పొరుగింటి తల్లి తన పిల్లలను నిద్రలేపునప్పుడు, దర్జీ యింటి ఎలియాస్ అప్పుడే పుస్తకము పట్టుకొని చెట్టెక్కి కూర్చున్నాడని మందలించెడిదని ప్రతీతి.

పాఠశాలలో బోధనాభాష స్వీడిషు. మాతృభాష తప్ప వేరొకటి యెరుగని యా బాలుడు ముందు పరభాషను నేర్చి, పిదప పాఠములను నేర్వవలసివచ్చెను. చేత పైకము లేక చదువు నడుమ నడుమ నిలిచిపోవుచుండెను. అప్పుడతడు కుట్టుపని చేసెను. ఇంటింట పాటలు పాడి యాచించెను. మందుల దుకాణమున శిష్యుడుగా పనిచేసెను. తుదకు 1822లో తుర్కు నగర విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. పిమ్మట మహాకవియైన రూనెబెర్గ్, తత్త్వవేత్తయైన స్నెల్మన్ అనువారును ఆ యేడే అందు చేరుట విశేషము.

ఫిన్నుల ప్రాచీన గాథలలో ప్రధాన పురుషుడు వైనామొయినెన్ అను వృద్ధ గాయకుడు. అతనిని గూర్చి లోన్‌రోట్ 1827లో ఒక వ్యాసము వ్రాసెను. ఆ సంవత్సరమే తుర్కు నగరము అగ్నికి ఆహుతి కాగా, ఆ వ్యాసపు రెండవ భాగమును దగ్ధమయ్యెను. విశ్వవిద్యాలయము హెల్సింకికి తరలెను. ఆ మార్పు జరుగుచుండగా, 1828 వేసవిలో లోన్‌రోట్ రైతు వేషము ధరించి, పిల్లనగ్రోవి వెంటగొని, తూర్పున కరేలియా వైపునకు కాలినడకను బయలుదేరెను. అతడు కావించిన పదునొకండు యాత్రలలో నిది మొదటిది. 1831 నాటి యాత్ర, కలరా రోగులకు చికిత్స చేయుటకై పిలుపు రాగా, నడుమనే నిలిచిపోయెను.

అతడు వెదకిన పాటల తీరు ప్రత్యేకమైనది. పాదమునకు సామాన్యముగా ఎనిమిది అక్షరములు. ఒకే హల్లుతో మొదలగు పదములు పాదమున వరుసగా వచ్చును. మొదటి పాదమున చెప్పిన భావమునే రెండవ పాదము వేరు మాటలతో మరల చెప్పును. ఒకడు పాడగా రెండవవాడు అందుకొనుటయు, ఇరువురును ఎదురెదురుగా కూర్చుండి చేతులు పట్టుకొని పాడుటయు కలదు. కొయ్యను తొలిచి, పూర్వము ఐదు తంత్రులు బిగించి చేసెడి కాంతెలె అను వాద్యము వారిది. ఆ తొలి కాంతెలెను వైనామొయినెన్ పెద్దచేప దవడయెముకతో చేసెనని గాథ.

1832లో లోన్‌రోట్ వైద్యపట్టము పొందెను. ఫిన్నుల మంత్రవైద్యమే ఆ పట్టమునకై అతడు వ్రాసిన సిద్ధాంతవ్యాసమునకు విషయము. మరుసటి యేట కాయాని యను మారుమూల పట్టణమునకు జిల్లా వైద్యుడుగా నియమింపబడెను. అది కరవును అంటువ్యాధులును ప్రబలియున్న కాలము. రోగులకు చికిత్స చేయుచు తానును జ్వరపడి బ్రతికెను. అయినను సెలవు దొరికినప్పుడెల్ల పాటల వేటకు పోవుటను మానలేదు.

1834 ఏప్రిలులో సరిహద్దు దాటి, రుష్యా కరేలియాలోని లత్వయార్వి గ్రామమున అర్హిప్ప పెర్తునెన్ అను వృద్ధుని దర్శించెను. ఆ వృద్ధుడు మూడు దినములు పాడగా లోన్‌రోట్ వ్రాసికొనిన పాదములు 4,000కు పైచిలుకు. తన తండ్రి కాలమున చేపలు పట్టువారు నెగడు చుట్టును చేరి రాత్రులెల్ల పాడెడివారనియు, పాడిన పాట మరల పాడ నవసరము కలుగలేదనియు, తన కుమారులు మాత్రము ఆ విద్యను తనవలె నిలుపువారు కారనియు అతడు చెప్పెను. ఆ మాట లోన్‌రోట్ పనికి తొందరను కల్పించెను. గాయకు డొకడు కన్నుమూసిన, అతనితో ఒక గ్రంథమే మట్టిలో కలియును.

1835 ఫిబ్రవరి 28వ తేదీన అతడు కలెవల గ్రంథపు పీఠికకు సంతకము చేసెను. అందు 32 కాండములు, 12,078 పాదములు. అచ్చువేసినవి 500 ప్రతులు మాత్రమే; అవియు చెల్లుటకు ఏండ్లు పట్టెను. యూరోపేయుస్ మున్నగు ఇతర సంగ్రాహకులు తెచ్చిన పాటలను కూడ చేర్చి, 1849లో దానినే 50 కాండములు, 22,795 పాదములు గల గ్రంథముగా పెంచెను. స్త్రీల పాటలు మున్నగు గేయములను కాంతెలెతార్ అను పేర 1840లో వేరుగ ప్రకటించెను.

కలెవల కథకు మూలము సంపో అను మాయ తిరగలి. కమ్మరి ఇల్మరినెన్ దానిని చేసెను. అది ఒక ప్రక్క పిండిని, ఒక ప్రక్క ఉప్పును, ఒక ప్రక్క ధనమును విసరును. దానికై ఉత్తరభూమితో కలహము పుట్టగా, తుదకది సముద్రమున పడి ముక్కలగును. బెరడు రొట్టె తిన్న జనులకు తరుగని పిండి తిరగలి కలగా వచ్చుట సహజమే కదా!

ఈ గ్రంథము జనులదా, లోన్‌రోట్‌దా యను వాదము పండితులలో పుట్టెను. పాదములలో మిక్కిలి భాగము గాయకులు పాడినవే. వాటిని ఏరి, వరుస కూర్చి, సందుల నతికి, ఒక్క కథగా నడపినవాడు లోన్‌రోట్. తాను కలిపినది స్వల్పము. ఆతని వ్రాతప్రతులు ఫిన్నిషు సాహిత్య సంఘమున నేటికిని భద్రముగా నున్నవి గనుక, ఏది గాయకునిదో, ఏది సంకలనకర్తదో సరిచూచుకొన వచ్చును. జమయు ఖర్చును తెలిసిన లెక్కవంటిదే యా గ్రంథము. అయినను ఒక లోటు చెప్పకతీరదు. కావ్యమున ఏ పాట ఎవరి నోట వెలువడినదో సూచింపబడలేదు. అర్హిప్ప వంటివారి పేళ్లు పండితలోకమున నిలిచినను, కావ్యముతోపాటు ఇల్లిల్లు చేరలేదు.

లోన్‌రోట్ ఇతర కృషియు తక్కువది కాదు. తేనెటీగ యను నర్థముగల మెహిలైనెన్ పత్రికను 1836లో స్థాపించెను. రైతుల కొరకు గృహవైద్య గ్రంథమును వ్రాసెను. సామెతలను, పొడుపుకథలను కూర్చెను. సాహిత్యమునకును, శరీరములోని సిరకును, ధమనికిని ఫిన్నిషు పదములను కల్పించెను. 1853 మొదలు 1862 వరకు హెల్సింకిలో ఫిన్నిషు ఆచార్యుడుగా నుండెను. 2 లక్షలకు మించిన పదములు గల ఫిన్నిషు-స్వీడిషు నిఘంటువును 1866 నుండి 1880 వరకు ప్రకటించెను.

ఈ కృషి నిరాటంకముగా సాగినది కాదు. 1850లో ప్రభుత్వము, మతము, వ్యవసాయాది జీవనోపాయములు తప్ప ఇతర విషయములపై ఫిన్నిషున గ్రంథములు ప్రకటింపరాదని శాసించెను. 1863లో మరియొక శాసనముచే ఆ భాష స్వీడిషుతో సమాన హోదాకు మార్గము పొందెను. ఇంటను దుఃఖమే. 1849లో వివాహమాడిన భార్య 1868లో గతించెను. ఐదుగురు సంతానములో ఈడా యను కూతురొక్కతియే తండ్రి తరువాత మిగిలెను. లోన్‌రోట్ స్వగ్రామమైన సమ్మత్తిలో 1884 మార్చి 19వ తేదీన పరమపదించెను.

సిబేలియుస్ అను సంగీతకర్త 1892లో కలెవలలోని కుల్లెర్వో కథను వాద్యబృందమునకును గాయకులకును కూర్చి యశమును గాంచెను. 1917లో ఫిన్లండు స్వతంత్రమయ్యెను. ఆ కావ్యము అరువదికి పైగా భాషలలోనికి, 1994లో పొరుగు భాషయగు తమిళములోనికిని పరివర్తితమయ్యెను. పీఠికకు సంతకము చేసిన ఫిబ్రవరి 28ని ఫిన్నులు కలెవల దినముగా జెండాలెత్తి జరుపుకొందురు.

అక్షరము రాని వృద్ధుని యెదుట విశ్వవిద్యాలయ పట్టభద్రుడు శిష్యుడై కూర్చుండుటయే ఈ చరిత్రమున గ్రహింపదగిన సారము. పాటను కంఠము కాచినన్నాళ్లు కాచెను. కంఠము మూగబోవు వేళకు పుస్తకము అందుకొనెను. గ్రంథాలయమున బీరువాలలోని పుస్తకములెంత విలువైనవో, దాని వాకిట చేరెడి వృద్ధుల నోటి మాటలును అంత విలువైనవి. సకాలమున వినువాడును, వ్రాయువాడును ఉండవలయును.