ఓటో బిన్స్‌వాంగర్

ఓటో లుడ్విగ్ బిన్స్‌వాంగర్ (అక్టోబరు 14, 1852 - జూలై 15, 1929) స్విట్జర్లాండుకు చెందిన మానసిక, నాడీ వైద్యుడు. మెదడులోని సూక్ష్మ రక్తనాళాలు దెబ్బతినడం వలన కలిగే ఒక చిత్తవైకల్యానికి ఈయన పేరు పెట్టారు. తత్వవేత్త నీషేకు చికిత్స చేసిన వైద్యుడిగా కూడా ఈయన ప్రసిద్ధుడు.

జీవితం

ఈయన మ్యూన్‌స్టర్‌లింగెన్‌లో జన్మించాడు. తండ్రి 1857లో క్రాయిట్స్‌లింగెన్‌లో బెల్‌వ్యూ అనే మానసిక చికిత్సాలయాన్ని స్థాపించాడు. అస్తిత్వవాద మనోవైద్యుడు లుడ్విగ్ బిన్స్‌వాంగర్ ఈయన సోదరుని కుమారుడు. ఇంటిపేరు ఒకటే కావడం వలన ఇద్దరినీ ఒకరిగా పొరబడే అవకాశం ఉంది. 1882 నుండి 1919 వరకు ఈయన జర్మనీలోని యేనాలో మానసిక వైద్యశాలకు అధిపతిగా పనిచేశాడు. అక్కడ ఈయన తరువాత ఆ పదవిని చేపట్టిన హాన్స్ బెర్గర్, 1924లో మానవ మెదడు విద్యుత్తరంగాలను తొలిసారి నమోదు చేశాడు.

నీషే చికిత్స

1889 జనవరిలో మతి చలించిన నీషేను యేనాకు తెచ్చారు. ఆయన 1890 మార్చి వరకు అక్కడే ఉన్నాడు. వ్యాధి సిఫిలిస్ వలన కలిగిన ఉన్మాదమని వైద్యులు నిర్ణయించారు. సిఫిలిస్‌ను గుర్తించే రక్తపరీక్ష 1906లో గాని రాలేదు. కాబట్టి లక్షణాలే వారికి ఆధారం.

బిన్స్‌వాంగర్ వ్యాధి

విశేషమేమంటే, 1894లో ఈయన ప్రచురించిన వ్యాసం ఆ సిఫిలిస్ ఉన్మాదాన్ని దానిని పోలిన ఇతర వ్యాధుల నుండి వేరుచేయడానికి ఉద్దేశించినదే. రక్తనాళాలు గట్టిపడిన కొందరు రోగులలో మెదడు పైపొర బాగానే ఉన్నా, లోపలి తెల్లని పదార్థం క్షీణించడం ఈయన గమనించాడు. 1902లో ఆల్జీమర్ దీనికి ఈయన పేరు పెట్టాడు.

ఆ క్షయాన్ని బ్రతికి ఉన్న రోగిలో చూడడం స్కానింగు యంత్రాలు వచ్చాకనే సాధ్యమైంది. కాడాసిల్ అనే వంశపారంపర్య సూక్ష్మనాళ వ్యాధికి నాచ్3 జన్యువులోని మార్పు కారణమని 1996లో తెలిసింది. ఈ రోగుల ఎమ్మారై చిత్రాలలో కణతల ముందు భాగాన తెల్లని మచ్చలు ప్రత్యేకంగా కనిపిస్తాయి. అయితే వ్యాధి ముదురుటను తెలిపేవి ప్రధానంగా ఆ మచ్చలు కావు. రక్తం అందక ఏర్పడిన చిన్న గుంటల సంఖ్య, మెదడు పరిమాణం తగ్గుదల రోగి స్థితికి ఎక్కువ దగ్గరగా ఉంటాయి.

నీషేకు ఉన్నది కాడాసిల్ కావచ్చునని 2008లో బెల్జియం వైద్యులు ప్రతిపాదించారు. చిన్ననాటి నుండి తీవ్రమైన తలనొప్పులు, చివరి సంవత్సరాలలో పక్షవాతం, తండ్రి 35 ఏళ్లకే మెదడు వ్యాధితో మరణించడం వారు చూపిన ఆధారాలు. 1900లో నీషే మరణించినప్పుడు శవపరీక్ష జరగలేదు. అందువలన ఈ వాదాన్ని గాని, యేనా వైద్యుల నిర్ణయాన్ని గాని నిరూపించడం సాధ్యం కాలేదు.