గగనసీమలో తొలి సేనాని: సుబ్రతో ముఖర్జీ

సికింద్రాబాదు నగరవాసులకు విమానధ్వని క్రొత్తది కాదు. బేగంపేటలోను, ఉత్తరమున హకీంపేటలోను, వాయవ్యమున దుండిగల్లులోను భారత వైమానిక దళమునకు స్థావరములు కలవు. శిక్షణ పొందువారు నడుపు విమానము మేఘములను చీల్చుకొని పోవునపుడు బడిపిల్లలు ఆటలు మాని తలలెత్తి చూతురు. తానును అట్లు ఎగురవలెనని ఆ క్షణమున కోరని బాలుడు అరుదు. కాని కోరిక వేరు, నిశ్చయము వేరు. యుద్ధవిమానము నడపగోరువాడు దేనికి సిద్ధపడవలెనో తెలిసికొనుటకు, ఈ దేశమున అకాడమీలు లేని కాలమున ఆ మార్గము త్రొక్కిన సుబ్రతో ముఖర్జీ జీవితము చూడవలెను.

సుబ్రతో ముఖర్జీ 1911వ సంవత్సరము మార్చి 5వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి సతీశ్ చంద్ర ముఖర్జీ ఐ.సి.ఎస్. ఉద్యోగి. తల్లి చారులత విద్యావతి. మాతామహుడు పి.కె. రాయ్ కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలకు ప్రిన్సిపాలుగా నుండిన పండితుడు. నలుగురు బిడ్డలలో సుబ్రతో కనిష్ఠుడు. అతని విద్యాభ్యాసము కొంత వంగదేశమునను, కొంత ఇంగ్లండులోను జరిగెను. చదువునకును ఉద్యోగమునకును పేరొందిన అట్టి కుటుంబమున పుట్టిన బాలునికి సివిలు సర్వీసు, న్యాయవాద వృత్తి, వైద్యము మున్నగు మార్గములన్నియు తెరచియే యుండెను. వానిలో ప్రాణభయము లేదు, గౌరవమునకు కొదువ లేదు.

ఆనాడు బ్రిటిషు వారి రాజకీయ వైమానిక దళమున భారతీయుడు అధికారిగా చేరుటకు వీలు లేకుండెను. భారతీయులు విమానములు నడపజాలుదురా, నడపినను ఇతరులకు నాయకత్వము వహింపగలరా అని పాలకులలో పెక్కుమంది సందేహించుచుండిరి. సైనికాధికారుల శిక్షణను గూర్చి విచారించిన స్కీన్ సంఘము, భారతీయ యువకులను ఇంగ్లండులోని క్రాన్వెల్ వైమానిక కళాశాలలో చేర్చుకొనవచ్చునని 1927లో సిఫారసు చేసెను. ఆ పిమ్మట పరీక్ష జరిగి, 1930లో ఆరుగురు యువకులు ఎంపికైరి. పందొమ్మిదేండ్ల సుబ్రతో వారిలో ఒకడు.

ఆ నిశ్చయము తేలికయైనది కాదు. అప్పటి విమానములకు కప్పు లేదు. నడుపువాడు గాలికిని, వానకును, చలికిని ఎదురుగా కూర్చుండవలెను. యంత్రము మధ్యలో ఆగిన, దిగుటకు చదునైన నేల దొరకుట అదృష్టముపై ఆధారపడియుండెను. దానికి తోడు, ఆ యువకులు తప్పు చేసినచో అది ఒక్కని తప్పుగా ఎంచబడదు. భారతజాతి యంతయు అసమర్థమని చెప్పుటకు సాక్ష్యమగును. ఇన్నియు నెరిగియే సుబ్రతో ఆ దారి నెన్నుకొనెను.

క్రాన్వెల్లులో రెండేండ్లు శిక్షణ జరిగెను. బయటివారికి వైమానికుడన సాహసియనియే తోచును. కాని ఆ వృత్తిలో మొదట నేర్పునది సాహసము కాదు, క్రమశిక్షణ. ఎగురుటకు ముందు విమానములోని ప్రతి భాగమును పరీక్షింపవలెను. నిన్న చూచితిని గదా యని నేడు విడువరాదు. నేలపై నుండి యంత్రమును సరిచేయు పనివానిని గౌరవింపవలెను. ఏలయన వైమానికుని ప్రాణము వాని చేతిలో నుండును. తాను చేసిన పొరపాటును దాచక గురువునకు చెప్పవలెను. దాచిన పొరపాటు రేపు మరియొకని ప్రాణము తీయవచ్చును. ఈ అలవాట్లే వైమానికుల సంప్రదాయము.

1932వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీన భారత వైమానిక దళము ఏర్పడెను. ఆరుగురిలో ఐదుగురు వైమానికులుగను, ఒకడు సామగ్రి శాఖాధికారిగను నియమింపబడిరి. మరుసటి యేడు ఏప్రిల్ 1వ తేదీన కరాచీలోని డ్రిగ్ రోడ్డున మొదటి స్క్వాడ్రన్ వెలసెను. దానికి నాయకుడు ఆంగ్లేయుడు. దాని సంపద యంతయు నాలుగు వాపిటి విమానములు. రెండు జతల రెక్కలతో, కప్పు లేని రెండు ఆసనములతో నుండిన ఆ విమానము గంటకు 250 కిలోమీటర్ల వేగమునైనను అందుకొనజాలదు. ఈనాడు వేలమంది సైనికులతో విలసిల్లు దళమునకు అదియే అంకురము.

అంకురము మొలకెత్తిన నాడే గాలివాన వీచెను. కొలది కాలములోనే భూపేంద్ర సింగు, అమర్‌జీత్ సింగు అను ఇద్దరు సహచరులు విమాన ప్రమాదమున మరణించిరి. పిమ్మట మరియొకడు కొలువు నుండి తొలగిపోయెను. ఐదుగురిలో ముఖర్జీయు, అవాన్ అను నతడును మాత్రమే మిగిలిరి. నిన్నటివరకు ఒకే పంక్తిలో భుజించిన మిత్రులు నేడు లేరు. రేపు తిరిగి అదే విధమైన విమానమున కూర్చుండవలెను. వైమానికుడు తన నిశ్చయమును ఒక్కసారి చేసికొనిన చాలదు. ఇట్టి ప్రతి ఉదయమున దానిని మరల చేసికొనవలెను. ముఖర్జీ వెనుదిరుగలేదు.

తరువాత ఆ స్క్వాడ్రన్ వాయవ్య సరిహద్దునందలి వజీరిస్తాను కొండలలో పని చేసెను. అచటి సంఘటన యొకటి వైమానిక దళమున నేటికిని చెప్పుకొందురు. కొండపై నున్న చిన్న సైనిక స్థావరమును శత్రువులు చుట్టుముట్టిరి. లోపలి సైనికులకు తూటాలు అయిపోవచ్చినవి. ఆకాశమున తిరుగుచున్న ముఖర్జీ వారి సంకేతమును గ్రహించెను. జారవిడుచుటకు వేరు సామగ్రి లేదు. అప్పుడు ముఖర్జీయు, తోడి తుపాకి సైనికుడును తమ విమానములోని తూటాలనే తీసి, మేజోళ్లలో నింపి, క్రిందనున్నవారికి అందునట్లు విడిచిరి. తమ రక్షణకు ఉంచుకొనిన తూటాలను ఇతరుల కిచ్చివేయుటకు వారు వెనుకాడలేదు.

1939 మార్చిలో ముఖర్జీ మొదటి స్క్వాడ్రనుకు నాయకుడయ్యెను. స్క్వాడ్రనుకు నాయకత్వము వహించిన తొలి భారతీయుడు ఆయనయే. ఆ యేడే శారదా పండిత్‌తో ఆయన వివాహము జరిగెను. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున, 1943లో కోహాట్ వైమానిక స్థావరమునకు అధిపతియై, అట్టి పదవి పొందిన తొలి భారతీయుడుగా పేరొందెను. భారతీయులకు నాయకత్వము చేతగాదనిన మాటకు ఆయన వాదముతో కాక పనితోనే సమాధానము చెప్పెను.

1947లో దేశము స్వతంత్రమై, రెండుగా చీలెను. దళమును రెండు దేశములు పంచుకొనెను. అవాన్ పాకిస్తానునకు పోయెను. తొలి ఐదుగురు వైమానికులలో భారత దళమున నిలిచినవాడు ముఖర్జీ యొక్కడే. భారతీయాధికారులలో అందరికంటె సీనియరు గనుక సర్వోన్నత పదవిని వెంటనే తనకే ఇమ్మని ఆయన కోరియుండవచ్చును. కాని చిన్న దళము పెద్దది కావలసిన తరుణమున మరికొంత అనుభవము తనకును, తనవారికిని అవసరమని ఆయన నమ్మెను. అందుచే వరుసగా ముగ్గురు బ్రిటిషు అధిపతుల క్రింద కొన్ని సంవత్సరములు పని చేసెను. ఇంజను పూర్తిగా వేడెక్కకముందే విమానము లేపరాదన్నది వైమానికుడు తొలినాడే నేర్చు పాఠము. పదవి విషయమునను ముఖర్జీ ఆ పాఠమునే పాటించెను.

1953లో లండనులోని ఇంపీరియల్ డిఫెన్సు కళాశాలలో ఉన్నత శిక్షణ పొంది, 1954 ఏప్రిల్ 1వ తేదీన భారత వైమానిక దళమునకు అధిపతి యయ్యెను. ఆ పదవి నధిష్ఠించిన తొలి భారతీయుడాయనయే. అప్పటి కాయన వయస్సు 43 సంవత్సరములు. ఆయన కాలమున మిస్టేర్, హంటర్, కాన్బెరా మున్నగు జెట్ విమానములు దళమున చేరెను. హంటర్ వేగము గంటకు వేయి కిలోమీటర్లకు మించినది. వాపిటిలో ఎగిరిన చేతులే దేశమునకు జెట్ యుగమును తెచ్చిపెట్టెను. పాతదానిపై మమకారము విడిచి క్రొత్తదానిని నేర్చుకొనలేనివానికి ఆకాశమున చోటు లేదు.

1960 నవంబరు 8వ తేదీన, ఎయిర్ ఇండియా సంస్థ టోక్యోకు ప్రారంభించిన క్రొత్త విమానయాత్ర సందర్భమున జపానులో నుండగా, భోజన సమయమున ఆహారము శ్వాసనాళమున అడ్డుపడి ముఖర్జీ ఆకస్మికముగా మరణించెను. అప్పటి కాయనకు 49 ఏండ్లు. గాలిలో ఎన్ని గండములు తప్పించుకొనిన ప్రాణము నేలపై ఒక చిన్న కారణమున పోయెను. బాలుర క్రీడలయందు, అందును ఫుట్‌బాల్ ఆటయందు ఆయనకు మక్కువ మెండు. పాఠశాల జట్ల మధ్య జరుగు సుబ్రతో కప్ పోటీలు నేటికిని ఆయన పేరును నిలుపుచున్నవి. ఆయన సహధర్మచారిణి శారదా ముఖర్జీ పార్లమెంటు సభ్యురాలై, 1977 నుండి 1978 వరకు ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా హైదరాబాదు రాజభవనమున నివసించెను.

ముఖర్జీ యువకుడుగా నున్నపుడు ఎగురుట నేర్చుటకై సముద్రములు దాటవలసి వచ్చెను. సికింద్రాబాదు చెంత దుండిగల్లులో వైమానిక దళ అకాడమీకి 1967 అక్టోబరు 11వ తేదీన నాటి రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ శంకుస్థాపన చేసెను. 1971లో అచట శిక్షణ ప్రారంభమయ్యెను. తొలి శిక్షణ ముగిసిన పిమ్మట కొందరిని యుద్ధవిమానములకును, కొందరిని రవాణా విమానములకును, కొందరిని హెలికాప్టర్లకును ఎంపిక చేయుదురు. అందరికిని యుద్ధవిమానము దక్కదు. దక్కనంత మాత్రమున దేశసేవకు లోటు లేదు. ఒకనాడు భారతీయులు ఎగురజాలుదురా యని సందేహించిరి. ఆడువారు యుద్ధవిమానములు నడపజాలుదురా యని తరువాత సందేహించిరి. 2016 జూనులో ముగ్గురు యువతులు ఆ దుండిగల్ ప్రాంగణముననే యుద్ధవిమాన శాఖలో నియామకము పొంది రెండవ సందేహమును తీర్చిరి.

విమానధ్వని విని తలయెత్తు బాలబాలికలు ఆ వేగమునే చూతురు. ఆ వేగము వెనుక నున్న ఓర్పు నేలపై నుండి కనబడదు. మిత్రులు రాలిపోయినపుడు నిలిచిన గుండె, పదవి చేతికందినపుడు ఇంకను నేర్చుకొనవలెనని ఆగిన వివేకము — ఈ రెండును కలవాడే ఆకాశమునకు అర్హుడు. సుబ్రతో ముఖర్జీ జీవితము నేర్పు పాఠమిదియే.